రాగిరేకు రెండో వైపు

నా చెల్లెలి మనవరాలు సుధకు ఏదో మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం, ప్రదర్శనలు పెట్టడం, సభ్యులను కోటలకూ గుళ్ళకూ తీసుకుపోవడం దాని పని. "తాతా, మీరూ ఇదే చేశారట కదా, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో రాసివ్వండి" అని అడిగింది. సరేనని కాగితం ముందు పెట్టుకుంటే జాగ్రత్తలు ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిందంతా భయమే.

నలభైల్లో మైసూరు సర్కారు నడిపిన ఒక చరిత్ర సంఘంలో, బెంగళూరులో, నేను కార్యక్రమాల గుమాస్తాను. చరిత్ర రాసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు రాసింది నలుగురికీ వినిపించడం నా పని. నెలకొక ఉపన్యాసం, ఏడాదికొక ప్రదర్శన, రెండు మూడు విహార యాత్రలు. బయటివాళ్ళు దీన్ని కుర్చీలు వేయించే ఉద్యోగం అనుకునేవారు. మా మామగారు చచ్చేదాకా అలాగే అనుకున్నారు.

ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి రాయను. అవి ఎవరికైనా ఒకటే. నన్ను మార్చిన ఒక్క తప్పు సంగతి రాస్తాను. దానికి ముందు ఆ ఉద్యోగం ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి.

కుర్చీలు, కరగ, పోలీసులు

యుద్ధం నడుస్తున్న కాలం అది. పెట్రోలు లేదు, కాగితం లేదు. నలభై రెండు ఆగస్టులో క్విట్ ఇండియా గొడవల తర్వాత పదిమంది ఒకచోట చేరితే పోలీసులు వచ్చి చూసేవారు. హొయసలుల శిల్పం మీద ఉపన్యాసానికి కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి, మాట్లాడబోయేది రాసి ఇవ్వాలి. ఒకసారి స్టేషన్లో ఒక అధికారి ఆ కాగితం చదివి, "ఈ విష్ణువర్ధనుడు ఏ పార్టీ?" అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు, చెమట పట్టింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రాజని నిరూపించుకుని బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది.

సభ రోజు పొద్దుటినుంచే నాకు ఒకటే దిగులు. వానొస్తుందేమో, ఉపన్యాసకుడు రాడేమో, వచ్చి ఆపడేమో. కుర్చీలు మూడుసార్లు లెక్కపెట్టేవాణ్ణి. మా ఆవిడ జయమ్మది ఆనేకల్ దగ్గర నేతవాళ్ళ కుటుంబం, నోరు గట్టిది. "మన పెండ్లి పందిట్లో గూడా మీరు నా మొగం చూడ్ల, చాపలే లెక్కపెడ్తా ఉంటిరి" అని జీవితాంతం దెప్పింది.

భయపడేవాడు తప్పులు చేయడనుకుంటారు. అదేం లేదు. కొత్తలో ఒకసారి, పేటంతా వీధుల్లోనే ఉండే కరగ జాతర నాడు సభ పెట్టాను. బెంగళూరు పేటలో పుట్టి పెరిగినవాడు చేయవలసిన తప్పేనా అది? తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఏడుగురు ఊరికి కొత్త. మిగతా ఇద్దరిలో ఒకణ్ణి నేను, ఇంకొకరు అధ్యక్షులు, ఆయన తప్పించుకోలేకపోయారు. ఇంకోసారి ఆనేకల్ యాత్రకు బొగ్గుతో నడిచే బస్సు మాట్లాడాను. దారి మధ్యలో అది ఆగిపోతే రిటైరైన జడ్జి ఒకాయన, ఇద్దరు ప్రొఫెసర్లు దిగి తోశారు. ఆ రోజు నాకు జ్వరం వచ్చింది, నిజం జ్వరమే.

మా కార్యదర్శి సుబ్బరావుగారు ఇలాంటి వాటికి తిట్టేవారు కాదు. మైసూరు మనిషి, మెత్తటి మాట. ఆయన నాకు నేర్పిన సూత్రం ఒక్కటే. "ఏమయ్యా, సభలో దీపం ఆరిపోయినా ఫరవాలేదు. ఉపన్యాసకుడు నిద్రపోయినా ఫరవాలేదు. వచ్చినవాడెవడూ నొచ్చుకుని పోకూడదు." దాన్ని నేను వేదవాక్కులా పట్టుకున్నాను. అది సగం నిజమేనని తెలియడానికి నాకు దేవనహళ్ళి పక్క పల్లె నుంచి ఒక ముసలాయన రావలసి వచ్చింది.

మునివెంకటప్పగారు

ఆయన పేరు మునివెంకటప్ప. డెబ్భై దాటిన రైతు, ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. ఒకరోజు పసుపు గుడ్డలో చుట్టిన రాగిరేకును ఒళ్ళో పెట్టుకుని మా ఆఫీసు వసారాలో కూర్చుని ఉన్నాడు. అప్పట్లో మేము ఏటా 'సభ్యుల దినం' అని చేసేవాళ్ళం. ఎవరింట్లోనైనా పాత శాసనం ఉంటే తెప్పించి, మా పండితులతో సభలో బిగ్గరగా చదివించి, దాన్ని దాచిన ఇంటివారిని ముందు వరసలో కూర్చోబెట్టి దండ వేయడం ఆనవాయితీ. ఆ సంగతి పత్రికలో వచ్చింది, ఊళ్ళో బడిపంతులు చదివి వినిపించాడట.

"ఇది మా ఇంటి దేవుని మూలలో ఉండేదప్పా. మా ముత్తాత ముత్తాత కాలందంట. దీన్ని బట్టే మా ఊరి జాతరలో మొదటి తాంబూలం మా ఇంటికి ఇస్తారు. చదివేకి మాకి రాదు. సర్కారోళ్ళు చదివి చెప్తారని తెస్తిని" అన్నాడు.

ఆ మొదటి తాంబూలం మాట తేలిగ్గా తీసుకోకండి. ఆ పల్లెల్లో అది రెండు ఆకులు, ఒక వక్క కాదు. ఊరంతా చూస్తుండగా ఎవరి చేతికి ముందు వస్తుందో వాళ్ళే ఊరికి పెద్ద.

రేకు ముందు వైపు అక్షరాలు కనబడుతున్నాయి. వెనక వైపు మాత్రం తరతరాల నూనె, పసుపు, కుంకుమ పేరుకుని గట్టిపడిపోయి ఉంది. ఆ పక్కకు పూజ చేసి చేసి ఎవరూ తోమినట్లు లేదు. పోయేముందు ఆయన వెనక్కి తిరిగి, "రెండు పక్కలా తోమించండప్పా. రెండు పక్కలా చదివించల్ల" అన్నాడు. గుమ్మం దాటి మళ్ళీ అదే మాట అన్నాడు. ముసలాయనకు వంశం మీద ఎంత గర్వమో అనుకుని లోపల నవ్వుకున్నాను.

శాసనాలు చదివే గోపాలశాస్త్రిగారు ముందు వైపు చూసి ఆ సాయంత్రమే సారాంశం చెప్పారు. పాత తెలుగు. స్థానిక పాళెగాడొకడు చెరువు కింది కొంత పొలం, జాతరలో మొదటి తాంబూలం ఇస్తూ, ఈ శాసనాన్ని ముద్దప్ప చేతికి ఇచ్చాము అంటున్నాడు. ముద్దప్ప మునివెంకటప్పగారి పూర్వీకుడే. ఇంకేం కావాలి?

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. ఆహ్వానం కార్డులకు కాగితం దొరకాలంటే నెల ముందు రాసుకోవాలి. దొరికిన రోజున అచ్చుకు పంపకపోతే ఆ కాగితం ఇంకో డిపార్టుమెంటుకు పోతుంది. అందుచేత మాకు కార్డు ముందు, చదవడం తర్వాత. ఎన్నో సభలు అలాగే గడిచిపోయాయి. 'ముద్దప్ప వంశ గౌరవ శాసనం' అని కార్డు మీద నా చేత్తో రాసి అచ్చుకు పంపాను. పత్రికకూ అదే పంపాను.

చింతపండు

సభకు ఆరు రోజుల ముందు శాస్త్రిగారు రేకు వెనక వైపును చింతపండుతో తోమించి చదివారు. నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. ఆయన తలుపు వేయడం నేను చూడటం అదే మొదటిసారి.

"కూర్చో" అన్నారు. "ఇది ముద్దప్పకు ఇచ్చింది కాదయ్యా. ముద్దప్ప చేతిలో దాచమని ఇచ్చింది."

వెనక వైపు ఉన్నది ఇదీ. ఒక ఏడు వరదకు చెరువు కట్ట తెగబోతే, తూము తెరిచి మూసే నీరుగంటి తూములో దిగి, దాన్ని తెరిచి, ఊరిని కాపాడి అక్కడే ప్రాణం విడిచాడు. ఆ పొలం, ఆ తాంబూలం అతని కొడుకువి. కాని వాడు పాలు తాగే బిడ్డ. వాడు పెరిగి పెద్దయ్యేదాకా ముద్దప్ప ఈ రేకును భద్రంగా ఉంచి, ఆ తర్వాత వాడి చేతికి అప్పగించాలి. అప్పగించకపోతే తగిలే శాపాలన్నీ చివర వరసగా ఉన్నాయి.

"ఆ పిల్లవాడు మూడు వందల ఏళ్ళయినా ఇంకా పెద్దవాడు కాలేదన్నమాట" అన్నారు శాస్త్రిగారు.

పొలం ఎన్ని భూమి శిస్తు సెటిల్మెంట్లలో ఎన్ని చేతులు మారిందో, దాని సంగతి ఎవరికీ తెలియదు. మిగిలింది తాంబూలం ఒక్కటే. నీరుగంటి ఇంటివాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారా? ఉన్నారనే అనిపించింది. ఆ పని తండ్రి నుంచి కొడుక్కు వచ్చేదే కదా. మునివెంకటప్ప తన ఊరివాళ్ళను నలభైమందిని రైలెక్కించి తెస్తానని అప్పటికే కబురు చేశాడు. అంతమంది ముందు, దండ వేసి కూర్చోబెట్టి, నీ తాంబూలం దొంగ తాంబూలమని సర్కారు నోటితో చదివిస్తామా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సుబ్బరావుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన "సభ వాయిదా వేసేద్దాం" అన్నారు. కార్డులు పోయాయి, పత్రికలో వచ్చింది, పోలీసు అనుమతి ఆ రోజుకే ఉంది. అన్నిటికంటే, వాయిదా ఎందుకని ముసలాయన అడిగితే ఏం చెప్పాలి? అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ముందు వైపు మాత్రం చదివిద్దామండి. అబద్ధం చెప్పినట్లు కాదు. ఉన్నదే చదువుతాం. ఎవరూ నొచ్చుకోరు."

ఇది కార్యదర్శి చేసిన పని అని తర్వాత చాలామంది అనుకున్నారు. కాదు, ఆలోచన నాది. ఆయన అన్నది ఒక్కటే: "సభ నీది. నీకు సరే అనిపిస్తే సరే. కాని ముందు ఆ పెద్దాయనతో మాట్లాడు." శాస్త్రిగారు మాత్రం మొహం గంటు పెట్టుకున్నారు. "సగం చదివితే అది శాసనం కాదు, పొగడ్త" అన్నారు.

చిన్న రైలు

ఆ ఆదివారం సన్నపట్టాల మీద నడిచే చిన్న రైలెక్కి దేవనహళ్ళి పోయాను. పంపింది నిజానికి మా జయమ్మే. "పోయి చెప్పేసి రాండి. చెప్పకుంటే మీకి నిద్ర రాదు, నాకి రానీరు" అంది. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. పెద్దాయనా, ఇలా ఉంది, మీ ఇష్టం, ఎలా అంటే అలా చేస్తాం. ఇంతే. ఎంతసేపు పడుతుంది చెప్పడానికి?

పల్లెలో ఆయన ఇంటికి పోయేసరికి అక్కడ పెళ్ళిలాంటి సందడి. ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, ఇరుగుపొరుగు. పెద్దకొడుకు రామయ్య కొత్త పంచెలు తీసి చూపించాడు. "సర్కారోళ్ళు మా నాయనకి దండ ఏస్తారంటే తమాషానా అప్పా!" అన్నాడు. నాకు మజ్జిగ ఇచ్చారు, మంచం వేశారు. కొడుకులిద్దరూ తండ్రికి చెరో పక్కన కూర్చున్నారు, లేవలేదు.

గుమ్మం బయట నలభై ఏళ్ళ మనిషి ఒకడు తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మునివెంకటప్ప అతన్ని చూపించి, "ఈడు చిక్కన్న. మా ఊరి నీరుగంటి. ఈడు గూడా వస్తాడు సభకి. ముందు వరసలో కూచోబెట్టల్ల అప్పా, మరవొద్దు" అన్నాడు.

"ఈడెందుకు నాయనా ముందర?" అన్నాడు రామయ్య.

"ఉండనీరా, సుమ్నె ఉండు, మాట్లాడొద్దు" అన్నాడు ముసలాయన.

నీరుగంటి ఇంటివాళ్ళు ఉన్నారు. ఇదిగో, కళ్ళముందే ఉన్నాడు. పాపం, అమాయకంగా తన కొంప తనే ముంచుకుంటున్నాడు ఈ ముసలాయన అనుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఏమన్నా చెప్పేదుండాదా అప్పా?" అని అడిగాడు. అడిగి ఆగాడు, కళ్ళు తిప్పలేదు. నేను చేయవలసిందల్లా, "కొంచెం అలా చేను దాకా పోదాం రండి" అనడం.

"ఏం లేదు పెద్దాయనా, ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూసిపోదామని" అన్నాను.

ఈ మాటకు ఇన్నేళ్ళుగా సంజాయిషీలు వెతికాను. కొడుకులు ఉన్నారని, రైలు టైమవుతోందని. అవన్నీ వట్టివి. నాకు ఆయన మొహం మాడిపోవడం చూసే ధైర్యం లేదు. ఆయన కోసం భయపడుతున్నానని అనుకున్నాను. భయపడింది నా కోసం.

సభ

సభ సాయంత్రం నాలుగింటికి. వాన రాలేదు, కుర్చీలు సరిపోయాయి, అధ్యక్షులు సమయానికి వచ్చారు. నా జీవితంలో అంత చక్కగా నడిచిన సభ ఇంకోటి లేదు. నలభైమందీ రైలు దిగి నడిచి వచ్చారు. చిక్కన్నను ముందు వరసలో, ఒక చివర కూర్చోబెట్టాను. అతను కుర్చీ అంచున కూర్చుని ఎప్పుడు లేవమంటారోనని చూస్తున్నాడు.

శాస్త్రిగారు చదవడం మొదలుపెట్టారు. మంచి గొంతు ఆయనది. ప్రతి వాక్యం చదివి, వాడుక తెలుగులో అర్థం చెప్పారు. ముద్దప్ప పేరు వచ్చినప్పుడు ఊరివాళ్ళు ఈలలు వేశారు. "ముద్దప్ప చేతికి ఇచ్చితిమి" అన్నదాకా చదివి, రేకును బల్ల మీద పెట్టి, నా వైపు ఒక చూపు చూసి కూర్చున్నారు. చప్పట్లు మారుమోగాయి.

మునివెంకటప్ప చప్పట్లు కొట్టలేదు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, ముందుకు వంగి, ఇంకా వింటున్నవాడిలాగే ఉన్నాడు. నేను దండ తీసుకుని పోతే, "అంతేనా అప్పా?" అన్నాడు.

"అంతే పెద్దాయనా."

"అంతేనా?"

"అంతే" అన్నాను, దండ వేశాను. ముసలాయనకు పొగడ్త ఇంకా వినాలని ఉంది అనుకున్నాను. చిక్కన్న కూడా అందరితోపాటు చప్పట్లు కొడుతున్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఒంటరిగా వచ్చినప్పుడు

మసి అద్ది కాగితం మీద అక్షరాల నకలు తీసుకోవడానికి రేకును మా దగ్గరే పది రోజులు ఉంచుకున్నాం. తీసుకుపోవడానికి మునివెంకటప్ప వచ్చాడు, ఈసారి ఒక్కడే. రేకు చేతికిచ్చాను. ఆయన దాన్ని వెంటనే వెనక్కి తిప్పాడు. తళతళలాడుతున్న అక్షరాల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్క వరసే తడిమాడు.

"ఈ పక్క చదివినారా?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు అప్పుడు లేదు. "చదివామండి" అన్నాను.

"చదివి గూడా చెప్పలేదా?"

"మీ ఊరివాళ్ళందరి ముందూ మీ మనసు నొచ్చుకుంటుందని..."

"నా మనసా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "అది ఎప్పుడో నొచ్చిండాదప్పా. మాన్పించుకుందామనే మీ దగ్గరికి వస్తిని."

కుర్చీ చూపించాను. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"ఆ పక్కలో ఏముండాదో నాకి చదివేకి రాదుగానీ, తెలుసు. మా నాయన పోయేటప్పుడు చెవిలో చెప్పె. ఆయనకి వాళ్ళ నాయన చెప్పినాడంట. ఇది నీరుగంటోళ్ళది రా, మనం దాచిపెట్టినోళ్ళమే అని. అందురూ చెప్పిరి, ఎవురూ ఇయ్యలా. పూజ చేసిరి. నేను గూడా యాభై ఏండ్లు చేస్తిని. ఈ చేత్తోనే కుంకుమ పెడ్తిని. ఇంగ నేనూ పొయ్యే కాలం వచ్చె. నా కొడుకు చెవిలో చెప్తే ఏమయితుంది? వాడు గూడా పూజ చేస్తాడు, అంతే."

"ఊళ్ళో మీరే చెప్పి ఉండవచ్చు కదా?" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

"నేను చెప్తే ముసలోడికి మతి చెడిందంటారు. మూలన కూచోబెడ్తారు. సర్కారోళ్ళు చదివితే ఎవురు కాదంటారు? అందుకే కదప్పా నలభై మందిని పిలుచుకొని వస్తిని. అందుకే కదా వాణ్ణి ముందర కూచోబెట్టమంటిని. వాడు వినల్ల, నా కొడుకులు వినల్ల, ఊరంతా వినల్ల అని. మీరు ఇంటికి వచ్చిన దినం, ఈయప్పకి తెలిసిపోయిండాది, చెప్పేకి వచ్చినాడు అనుకుంటిని. మీరు మజ్జిగ తాగి పోతిరి."

నా ఎదుట నిలబడ్డది అవమానానికి భయపడే మనిషి కాదు. యాభై ఏళ్ళ భయాన్ని దాటి, ఒక్క రోజుకు ధైర్యం కూడగట్టుకుని నా సభకు వచ్చిన మనిషి. ఆ ఒక్క రోజునూ నేను దండ వేసి మూసేశాను.

"ఇంగోసారి చదివించేకి అయితుందా?" అని అడిగాడు పోతూ పోతూ.

"నెల లోపల చదివిస్తాం. మీ ఊరి పక్కనే, దేవనహళ్ళి కోటలో" అని మాటిచ్చాను.

ఆ నెల

సుబ్బరావుగారికి అంతా చెప్పాను. ఆయన తల పట్టుకుని, "నేను నీకు నేర్పిందే తప్పేమోనయ్యా" అన్నారు. కోటకు సభ్యుల యాత్ర పెట్టి, అక్కడ రెండు వైపులా చదివించడానికి వెంటనే ఒప్పుకున్నారు. ఒక అధికారి తన కింది గుమాస్తా ముందు తప్పు తనదేమోనని అలా అనడం నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. మొదటిసారి బస్సు దొరకలేదు. ఆ తర్వాత వానలు. ఆ తర్వాత సుబ్బరావుగారికి బదిలీ అయింది. కొత్తాయనకు మళ్ళీ మొదటినుంచి చెప్పాలి, చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. మధ్యలో రెండుసార్లు వీలుండి కూడా నేనే వెనక్కి తోశాను. ఒకసారి ఎవరో పెద్ద మనిషి ఉపన్యాసం అడ్డమొచ్చిందని, ఇంకోసారి అనుమతి కాగితంలో సంతకం సరిగ్గా లేదని. సంతకం మర్నాడు పెట్టించుకోవచ్చు. అసలు సంగతి, ఆ కొడుకుల ముందు నిలబడి చదివించే ధైర్యం నాకు లేదు.

ముసలాయన బడిపంతులు చేత పోస్టుకార్డులు రాయించేవాడు. మొదటి దాంట్లో క్షేమ సమాచారాలు, వాన సంగతి, చివర సభ ఎప్పుడని. రెండో దాంట్లో వాన సంగతి లేదు. మూడో దాంట్లో ఒక్క వాక్యమే: సభ ఎప్పుడు? ప్రతి దానికీ 'త్వరలో' అని జవాబు రాశాను. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఆ మాట చేతికి ఎంత సులువుగా వస్తుందో చెప్పనక్కర్లేదు.

నాలుగో కార్డు రామయ్య రాయించాడు. తండ్రి పోయాడని, పదకొండో రోజు కర్మ ఫలానా నాడని.

కోటలో

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు యాత్ర జరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కొత్త కార్యదర్శికి నా తప్పుతో సహా అంతా చెప్పాను. చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆయన వెంటనే యాత్రకు ఒప్పుకున్నారు. దీనికేనా ఇన్నాళ్ళు ఒణికింది అనిపించింది.

కోట గోడ నీడలో సభ్యులు ఒకవైపు, ఊరివాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. రేకు తెమ్మంటే రామయ్య తేలేదు. నకలు మా దగ్గర ఉంది కాబట్టి శాస్త్రిగారు దాన్నే చదివారు, ఈసారి రెండు వైపులా. నీరుగంటి మాట వచ్చేసరికి ఊరివాళ్ళలో కదలిక ఆగిపోయింది. బిడ్డ పెద్దవాడయ్యేదాకా అన్న దగ్గర చిక్కన్న తలెత్తాడు.

చదవడం అయ్యాక రామయ్య లేచాడు. "ఇది మీ కాగితం, మీ చదువు. మా నాయన ఏ దినమూ ఇట్ల చెప్పలా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "నాతో చెప్పారు. ఇది నీరుగంటివాళ్ళదని ఆయనే చెప్పారు. అందరి ముందూ చదివించమని అడిగారు."

"ఎప్పుడు?"

"ఆ సభ అయిన పది రోజులకు."

"అట్లయితే, ఆయన బతికుండంగా ఎందుకు చదవలేదు?"

పల్లె మొత్తం నా వైపు చూసింది. మా సభ్యులూ చూశారు. జవాబు నాకు తెలుసు, కాని అది చెప్పుకోదగిన జవాబు కాదు. రామయ్య తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ వెనక ఒక్కరొక్కరే లేచారు. ఆ పిల్లలను నేను తప్పు పట్టను. చచ్చిపోయిన తండ్రి మాటగా ఒక సర్కారు గుమాస్తా చెప్పినదాన్ని నేనైనా నమ్మను.

సుధా, నువ్వు జాగ్రత్తలు అడిగావు. కుర్చీలు లెక్కపెట్టుకో, తప్పులేదు. అంతా చదివాకే కార్డు అచ్చుకు పంపు, కాగితం పోతే పోనీ. కాని ఒక మనిషి తన ఇంట్లోని వస్తువు తెచ్చి నీ బల్ల మీద పెట్టినప్పుడు, అతనికి ఏది నొప్పో నువ్వే ఊహించుకోకు. పక్కకు తీసుకుపోయి అడుగు. అడగడానికి భయమేస్తే ఆ భయం ఎవరి కోసమో చూసుకో. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసిన ఇరవై ఆరేళ్ళూ ప్రతి ఇంటివారినీ అడిగాను. కొందరు ఆపేయమన్నారు, ఆపేశాం. చాలామంది చదవమన్నారు.

ఆ రోజు కోటలో అందరూ పోయాక చిక్కన్న నా దగ్గరికి వచ్చాడు. తలగుడ్డ చేతిలోనే ఉంది.

"ఆ పెద్దాయప్ప నిజంగా అన్నాడా సామీ, ఆ మాట?"

"అన్నాడు."

"ఎట్లన్నాడు? ఆయప్ప అన్నట్లే చెప్పండి."

మునివెంకటప్ప నాతో అన్న మాటలన్నీ, ఆయన అన్నట్లే, ఆయన యాసలోనే చెప్పాను. ఈ చేత్తోనే కుంకుమ పెడ్తిని అన్నదీ చెప్పాను. వాడు వినల్ల అన్నదీ చెప్పాను. చిక్కన్న కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంగోసారి చెప్పండి సామీ" అన్నాడు. మళ్ళీ చెప్పాను. అతను నా చెయ్యి ఒకసారి ముట్టుకుని, మళ్ళకు నీళ్ళు వదిలే వేళయిందని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు జాతరకు నేను వెళ్ళాను. మొదటి తాంబూలం రామయ్య చేతికే ఇచ్చారు. చిక్కన్న జనంలో ఒక పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. నేను తల ఎత్తలేకపోయాను.